పళ్లు పులిసినప్పుడు లోపల జరిగేది: యాంటీబాడీల లెక్క

ఉప్పూకారం అద్దిన పచ్చి మామిడికాయ ముక్కలు నాలుగు నమిలితే పళ్లు పులుస్తాయి. ఆ మీదట చల్లటి మంచినీళ్లు గుక్కెడు తాగితే జివ్వుమంటుంది. చల్లదనం వెళ్లి నరాన్ని తాకిందని మనం అనుకుంటాం. కానీ చల్లదనం పంటి లోపలి గుజ్జు దాకా చేరకముందే ఆ జివ్వు వచ్చేస్తుంది. పంటి గోడలో కంటికి కనిపించని గొట్టాలున్నాయి, వాటి నిండా ద్రవం ఉంది. ఆ ద్రవం ఒక్కసారిగా కదిలితే గొట్టం లోపలి కొసన ఉన్న నరపు పోగు ఉలిక్కిపడుతుంది. స్వీడన్ దంత శాస్త్రవేత్త మార్టిన్ బ్రాన్‌స్ట్రామ్ 1960లలో వరస ప్రయోగాలతో నిలబెట్టిన సిద్ధాంతం ఇదే. దీన్ని హైడ్రోడైనమిక్ సిద్ధాంతం అంటారు. పంటి నొప్పి గురించి దంత కళాశాలల్లో ఇప్పటికీ మొదట చెప్పే పాఠం ఇది.

ఆ గొట్టాల్లో ఉండేది ఉత్త నీరు, ఉప్పులే కాదు. పన్ను పుచ్చడం మొదలైతే రక్తం నుంచి వచ్చిన ప్రొటీన్లు, వాటిలో యాంటీబాడీలు కూడా అక్కడ కనిపిస్తాయి. పిప్పి పట్టిన పంటి గోడలో, అంటే డెంటిన్‌లో, ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే 3 రకాల యాంటీబాడీలూ ఉన్నాయని 1970ల చివరి నుంచి పరిశోధకులు చూపిస్తూ వచ్చారు. మామూలుగా యాంటీబాడీ పని సూక్ష్మజీవిని పట్టుకుని తెల్ల రక్తకణానికి అప్పగించడం. తెల్ల రక్తకణం అడ్డకొలత 10 మైక్రాన్లు దాటుతుంది. పంటి గొట్టం అడ్డకొలత మహా అయితే రెండున్నర మైక్రాన్లు. అప్పగించడానికి అవతల పుచ్చుకునేవాడు రాలేని చోట యాంటీబాడీ ఏం చేస్తుంది? దారికి అడ్డంగా కూర్చుంటుంది అన్నది ఒక జవాబు. ఎంత అడ్డం, ఆ అడ్డం వల్ల మనకు మేలెంత అన్నది లెక్క వేసి చూడాల్సిన సంగతి.

గొట్టాలు ఎన్ని, ఎంత లావు?

పంటి పైన తెల్లగా మెరిసేది ఎనామిల్. దాని కింద లేత పసుపు రంగులో పంటిలో ఎక్కువ భాగం ఆక్రమించేది డెంటిన్. దాని నడుమ నరాలు, రక్తనాళాలు ఉన్న మెత్తటి గుజ్జు. డెంటిన్ బరువులో సుమారు 70 శాతం ఖనిజం, 20 శాతం కొల్లాజెన్ వంటి సేంద్రియ పదార్థం, 10 శాతం నీరు.

గుజ్జు నుంచి ఎనామిల్ వైపుకు డెంటిన్ పొడవునా గొట్టాలు పరుచుకుని ఉంటాయి. గుజ్జు పక్కన 1 చదరపు మిల్లీమీటరుకు దాదాపు 45,000 గొట్టాలు, ఒక్కొక్కటి సుమారు 2.5 మైక్రాన్ల లావు. బయటి అంచుకు వచ్చేసరికి సంఖ్య 20,000కు, లావు 0.9 మైక్రాన్‌కు తగ్గుతుంది. గార్బెరోగ్లియో, బ్రాన్‌స్ట్రామ్ 1976లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో కొలిచిన అంకెలు ఇవి. గుజ్జు దగ్గర డెంటిన్ ఉపరితలంలో 22 శాతం దాకా గొట్టాల నోళ్లే. ఎనామిల్ దగ్గర 1 శాతమే. డాక్టరు 2 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు గుంత తీశాడనుకోండి. అది పైపైన ఉంటే తెరుచుకునేవి 80,000 గొట్టాలు, గుజ్జు దాకా లోతుకు పోతే 1,80,000. లోతైన పుచ్చుకు సిమెంటు పెట్టేటప్పుడు డాక్టర్లు అంత జాగ్రత్త ఎందుకు పడతారో ఈ రెండంకెలే చెబుతాయి.

గుజ్జులో ఒత్తిడి ఉంటుంది. మనుషుల పళ్లలో 1995లో కొలిస్తే అది సుమారు 14 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానంగా తేలింది. ఎనామిల్ పగలకుండా ఉన్నంతకాలం ఆ ఒత్తిడికి బయటి దారి లేదు. ఎనామిల్ పోయి డెంటిన్ బయటపడితే ద్రవం లోపలి నుంచి బయటికి ఊరుతుంది. బ్రిటన్‌లో వోంగ్సవన్, మాథ్యూస్ 1992లో పిల్లుల పళ్ల మీద కొలిచిన వేగం: 1 చదరపు మిల్లీమీటరు నుంచి సెకనుకు 18 పికోలీటర్లు. పికోలీటరంటే లీటరులో లక్ష కోట్లో వంతు. ఆ వేగంతో ఊరితే రోజంతా కలిపి ఒకటిన్నర మైక్రోలీటర్లు, అంటే చుక్కలో చిన్న ముక్క. అదే ప్రవాహాన్ని 20,000 గొట్టాలకు పంచితే ఒక్కో గొట్టంలో ద్రవం నడిచే వేగం సెకనుకు సుమారు 1.4 మైక్రాన్లు. 2 మిల్లీమీటర్ల మందం డెంటిన్ దాటడానికి 24 నిమిషాలు పడుతుంది. ఇది నింపాదిగా సాగే ఊట. నరాన్ని కదిలించేది ఈ ఊట కాదు. చల్లటి నీరు, గాలి, పంచదార పాకం తగిలినప్పుడు దాని మీద వచ్చే అకస్మాత్తు కుదుపు.

ఒక గొట్టం నిండడానికి ఎన్ని యాంటీబాడీలు కావాలి?

రక్తంలోని యాంటీబాడీల్లో మూడొంతులు ఐజీజీ రకానివే. ఒక్క ఐజీజీ బరువు 1,50,000 డాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలత). ఆకారం ఇంగ్లిష్ వై అక్షరం లాంటిది, పొడవు సుమారు 15 నానోమీటర్లు. మైక్రాన్‌కు వెయ్యి నానోమీటర్లు కాబట్టి 0.9 మైక్రాన్ల గొట్టం ముందు అది నలుసు. రక్తంలో దాని మోతాదు మిల్లీలీటరుకు 7 నుంచి 16 మిల్లీగ్రాములు. లెక్క సులువు కోసం 10 అనుకుందాం.

పైన చెప్పిన వేగంతో ఒక గొట్టం గుండా రోజుకు నడిచే ద్రవం సుమారు 78 పికోలీటర్లు. దానిలో ఐజీజీ రక్తంలో ఉన్నంత చిక్కగా ఉంటే రోజుకు 300 కోట్ల అణువులు ఆ ఒక్క గొట్టంలోంచి పోతాయి. అంత చిక్కగా ఉండదు. ఆరోగ్యంగా ఉన్న గుజ్జు రక్తనాళాలు ప్రొటీన్లను అంత తేలిగ్గా వదలవు. వాపు వచ్చినప్పుడే వాటి గోడలు సడలి ప్రొటీన్లు కారతాయి. మరి గొట్టం గోడను ఒక్క వరసగా కప్పడానికి ఎన్ని కావాలి? సగటు లావు ఒకటిన్నర మైక్రాన్లు, పొడవు 2 మిల్లీమీటర్లు, ఒక్కో యాంటీబాడీ ఆక్రమించే చోటు సుమారు 100 చదరపు నానోమీటర్లు అనుకుంటే దాదాపు 10 కోట్లు. అంటే రక్తపు చిక్కదనంలో 3 శాతం ఉన్నా ఒక రోజు ఊటలో వచ్చే సరుకే గోడంతా కప్పడానికి చాలు. వచ్చినవన్నీ అంటుకుంటే అన్న షరతుతోనే లెండి. యాంటీబాడీలకు కొరత లేదు, అందువల్ల అసలు విషయం అవి ఎన్ని ఉన్నాయన్నది కాదు. గోడ మీద పరుచుకున్నాక ఏమవుతుందన్నది.

సన్నటి గొట్టంలో ద్రవం ప్రవాహం దాని వ్యాసార్థానికి నాలుగో ఘాతంలో మారుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన పోయిజాయ్ 19వ శతాబ్దంలో చెప్పిన సూత్రం. వ్యాసార్థం 10 శాతం తగ్గితే ప్రవాహం 34 శాతం తగ్గుతుంది. 20 శాతం తగ్గితే 59 శాతం. సగానికి తగ్గితే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. జివ్వుమనే పళ్లకూ, అననివాటికీ తేడా ఎందుకో ఈ సూత్రంతోనే తెలిసింది. అబ్సి, అడ్డీ, ఆడమ్స్ 1987లో మైక్రోస్కోపు కింద చూస్తే జివ్వుమనే పళ్లలో తెరుచుకున్న గొట్టాలు 8 రెట్లు ఎక్కువ, వాటి లావు 2 రెట్లు. 2 రెట్ల లావంటే 16 రెట్ల ప్రవాహం, దాన్ని 8తో గుణిస్తే 128. అలాంటి రెండు పళ్లు ఒకే నోట్లో ఉన్నా వాటి లోపలి ప్రవాహాల మధ్య తేడా వంద రెట్లకు పైమాటే.

ఇప్పుడు యాంటీబాడీల పొరను ఈ సూత్రంలో పెట్టి చూద్దాం. బయటి అంచున గొట్టం వ్యాసార్థం 450 నానోమీటర్లు. 15 నానోమీటర్ల పొర ఒకటి పరుచుకుంటే 435 మిగులుతుంది. ప్రవాహం తగ్గేది 13 శాతం. గుజ్జు పక్కన వ్యాసార్థం 1,250. అక్కడ అదే పొర వల్ల తగ్గేది 5 శాతం లోపే. ప్రవాహం సగానికి పడాలంటే బయటి అంచున 5 పొరలు, గుజ్జు పక్కన సుమారు 13 పొరలు పేరుకోవాలి. యాంటీబాడీలు ఒకదాని మీద ఒకటి అలా పొరలుగా పేర్చుకుపోయే రకం కాదు. ఈ లెక్కన చూస్తే యాంటీబాడీ ఒంటరిగా పెద్దగా చేసేదేమీ లేదు.

అయితే మైక్రోస్కోపు చూపే గొట్టం వేరు, ద్రవానికి ఎదురయ్యే గొట్టం వేరు. లోపల కొల్లాజెన్ పోగులు, ఖనిజపు గుట్టలు, కణాల తోకలు అడ్డం ఉంటాయి. అమెరికాలో జార్జియా మెడికల్ కాలేజీలో డేవిడ్ పాష్లీ బృందం 1978లో ప్రవాహాన్ని కొలిచి వెనక్కి లెక్క వేస్తే తేలిన వ్యాసార్థం, కంటికి కనిపించే వ్యాసార్థం కంటే చాలా తక్కువ. ఉదాహరణకు ఒక ఇరుకు చోట వ్యాసార్థం 100 నానోమీటర్లే ఉందనుకోండి. అక్కడ 15 నానోమీటర్ల పొర ఒక్కటి పడితే ఆ చోట దాటే ప్రవాహం 48 శాతం తగ్గిపోతుంది. వెడల్పు చోట లెక్కలోకి రాని పొరే ఇరుకు చోట సగం దారిని మూసేస్తుంది. పన్నూ పన్నూ ఒకేలా ఉండకపోవడానికి, ఒకే పంటి నుంచి కోసిన రెండు బిళ్లలు కూడా ప్రయోగంలో రెండు రకాల ఫలితాలివ్వడానికి ఇదొక కారణం.

బిళ్ల మీద బుడగ నడక

ఈ ప్రవాహాన్ని కొలిచే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. తీసేసిన జ్ఞానదంతాన్ని నెమ్మదిగా తిరిగే వజ్రపు రంపంతో అడ్డంగా కోసి మిల్లీమీటరు మందం బిళ్ల తీస్తారు. కోసినప్పుడు పేరుకునే పొడిపొరను ఆమ్లంతోనో, ఈడీటీఏ అనే రసాయనంతోనో కడిగి గొట్టాల నోళ్లు తెరుస్తారు. బిళ్లను రెండు చిన్న గదుల మధ్య రబ్బరు వాషర్లతో బిగించి, ఒక వైపు నుంచి తెలిసిన ఒత్తిడితో ద్రవాన్ని నెడతారు. దారిలో సన్నటి గాజు గొట్టం, దానిలో ఒక గాలి బుడగ. ద్రవం బిళ్లను దాటుతున్నకొద్దీ బుడగ జరుగుతుంది. నిమిషానికి అది ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో స్కేలు మీద చూసుకుంటారు. ముందు ఉప్పునీటితో, తర్వాత ప్రొటీన్ కలిపిన ద్రవంతో, మళ్లీ ఉప్పునీటితో కొలిస్తే ఆ ప్రొటీన్ ఎంత అడ్డుకుందో బుడగే చెబుతుంది.

పాష్లీ బృందం ఈ పద్ధతితో తేల్చిన అంకెల్లో నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది పొడిపొర సంగతి. డ్రిల్లు కోసిన చోట మిగిలే ఆ పొర మందం ఒకటి, రెండు మైక్రాన్లు. డెంటిన్ ద్రవానికి చూపే మొత్తం నిరోధంలో 86 శాతం ఆ పొరదే. పన్ను రంగు సిమెంటు అంటించే ముందు డాక్టరు నీలి రంగు జెల్ రాసి కొద్ది సెకన్లలో కడిగేస్తాడే, దానిలోని 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం ఆ 86 శాతం కాపలానూ ఊడ్చేస్తుంది. వెంటనే బాండింగ్ ద్రవం రాసి మూయకపోతే పన్ను ఎంత బహిరంగంగా మిగిలిపోతుందో ఊహించుకోవచ్చు.

బతికి ఉన్న పంటిలో ప్రొటీన్ల ప్రతాపం కుక్కల మీద చేసిన ప్రయోగంలో బయటపడింది. 1984లో పాష్లీ బృందం కుక్కల పళ్లకు గుంత తీసి వదిలేస్తే, కొన్ని గంటల్లోనే డెంటిన్ గుండా ప్రవాహం బాగా తగ్గింది. ముందుగానే రక్తంలో ఫైబ్రినోజన్ లేకుండా చేసిన కుక్కల్లో ఆ తగ్గుదల కనిపించలేదు. ఫైబ్రినోజన్ రక్తం గడ్డకట్టించే ప్రొటీన్. దాని బరువు 3,40,000 డాల్టన్లు, పొడవు 45 నానోమీటర్లకు పైన, అంటే ఐజీజీకి మూడింతలు. పైగా అది ఫైబ్రిన్‌గా మారితే ఒకదానికొకటి అల్లుకుని వల అవుతుంది. ఒంటిగా మిగలని గుణమే దాని బలం.

యాంటీబాడీకీ ఆ గుణం ఉంది, కాకపోతే దానికి తోడు కావాలి. ఆ తోడు సూక్ష్మజీవి, లేదా సూక్ష్మజీవి వదిలిన పదార్థం. ఐజీజీకి పట్టుకునే చేతులు 2. ఐజీఎం 5 యాంటీబాడీల గుత్తి, దాని బరువు 9 లక్షల డాల్టన్లు దాటుతుంది, పట్టుకునే చోట్లు 10. ఒక చేత్తో ఒక కణాన్ని, ఇంకో చేత్తో మరో కణాన్ని పట్టుకుంటే కణాలు గుంపు కడతాయి. పళ్లు పుచ్చబెట్టే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అడ్డకొలత అర మైక్రాన్‌కు కాస్త ఎక్కువ. 0.9 మైక్రాన్ల గొట్టంలో అది ఒంటరిగా దూరగలదు. యాంటీబాడీలు నాలుగైదింటిని ముద్ద కట్టిస్తే ఆ ముద్ద దాటలేదు. కృష్ణా, గోదావరి డెల్టా కాలువల్లో గట్టుకు పట్టిన నాచు వల్ల నీరు ఆగదు, గుర్రపుడెక్క ఒకదానికొకటి పెనవేసుకుని, కొట్టుకొచ్చిన చెత్తనంతా పట్టుకుని తూము దగ్గర చేరితేనే కిందిపొలాలకు నీరందదు. గొట్టం గోడకు అంటిన యాంటీబాడీ ఆ నాచు, సూక్ష్మజీవులతో, ఫైబ్రిన్‌తో అల్లుకున్న యాంటీబాడీ ఆ గుర్రపుడెక్క.

పంటికి ఇంతకంటే గట్టి అడ్డుకట్టలున్నాయి, కాకపోతే అవి నెమ్మది. గొట్టాల్లో ఖనిజం పేరుకుని మూసుకుపోవడం ఒకటి. గుజ్జు తన వైపు కొత్త డెంటిన్ వేసుకోవడం ఇంకొకటి. ఆ కొత్త గోడ రోజుకు సగటున ఒకటిన్నర మైక్రాన్లు పెరుగుతుంది. నూరు రోజులకు 0.15 మిల్లీమీటర్లు. ప్రొటీన్లు గంటల్లో చేసే పనికీ, డెంటిన్ నెలల్లో చేసే పనికీ మధ్య ఉన్న ఖాళీలోనే యాంటీబాడీల అవసరం.

నొప్పి తగ్గినంత వేగంగా ముప్పు తగ్గదు

గొట్టాల్లో రెండు రకాల ప్రయాణాలున్నాయి. ఒకటి ఇంతవరకు చెప్పిన ప్రవాహం. రెండోది వ్యాపనం, అంటే ద్రవం నిలకడగా ఉన్నా దానిలో కరిగిన పదార్థం చిక్కగా ఉన్న చోటి నుంచి పలచగా ఉన్న చోటికి తనంత తాను పాకడం. సూక్ష్మజీవుల విషాలు, ఆమ్లాలు గుజ్జు వైపు చేరేది ముఖ్యంగా ఈ రెండో దారిలో. ప్రవాహం వ్యాసార్థానికి నాలుగో ఘాతంలో మారితే, వ్యాపనం రెండో ఘాతంలో మాత్రమే మారుతుంది. వ్యాసార్థం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు తగ్గుతుంది, వ్యాపనం నాలుగో వంతు దగ్గరే ఆగుతుంది. వ్యాసార్థం 15 శాతం తగ్గితే ప్రవాహంలో 52 శాతం మిగులుతుంది, వ్యాపనంలో 72 శాతం.

దీనికి తోడు ఇంకో మెలిక. గుజ్జు నుంచి బయటికి ఊరే ద్రవం లోపలికి పాకే విషాలకు ఎదురీత. పాష్లీ, మాథ్యూస్ 1993లో చూపినట్టు, బయటికి ప్రవాహం ఉన్నప్పుడు లోపలికి వ్యాపనం తగ్గుతుంది. అందుచేత యాంటీబాడీలూ ఫైబ్రినూ ఊటను ఆపినప్పుడు ఒక కాపలా పెరుగుతుంది, మరో కాపలా సడలుతుంది. మొత్తం మీద లాభమే అని నా అభిప్రాయం. గొట్టం మూసుకుంటే సూక్ష్మజీవి స్వయంగా లోపలికి రాలేదు, అది చిన్న విషయం కాదు. అయినా ఆ లాభం జివ్వు తగ్గినంత పెద్దది మాత్రం కాదు.

యాంటీబాడీల అల్లిక పూర్తిగా నిరపాయం కూడా కాదు. సూక్ష్మజీవి పదార్థాన్ని పట్టుకున్న యాంటీబాడీ గుజ్జు దగ్గర కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రొటీన్లను మేల్కొలిపి వాపు తెస్తుంది. బెర్గెన్‌హోల్ట్జ్, ఆల్‌స్టెట్, లిండె 1977లో కోతులకు ముందుగా ఒక పరాయి ప్రొటీన్ ఎక్కించి యాంటీబాడీలు పుట్టించాక, అదే ప్రొటీన్‌ను పంటి గుంతలో పెడితే గుజ్జు వాచింది. అక్కడ సూక్ష్మజీవులతో పని లేకుండానే వాపు వచ్చింది. గట్టి గోడల మధ్య ఇరుక్కున్న గుజ్జుకు వాయడానికి చోటు లేదు, ఇదే పంటి నొప్పి అంత భరించరానిదిగా ఉండటానికి ప్రధాన కారణం.

సెన్సిటివిటీ టూత్‌పేస్టులు కొనేటప్పుడు ప్రవాహానికీ వ్యాపనానికీ మధ్య ఉన్న ఆ ఘాతాల తేడా గుర్తుండాలి. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్నవి నరాన్ని మందగింపజేస్తాయి, గొట్టాలను ముట్టుకోవు. స్టానస్ ఫ్లోరైడ్ ఉన్నవి, 8 శాతం ఆర్జినిన్‌తో పాటు కాల్షియం కార్బొనేట్ ఉన్నవి గొట్టాల నోళ్లు మూస్తాయి. చిగురు జారి పంటి వేరు బయటపడినవాళ్లకు రెండో రకం పనికొస్తుంది. పుచ్చు ఉన్న పంటికి రెండూ పనికిరావు. జివ్వు ఆగుతుంది, పుచ్చు తన పని తాను చేసుకుపోతుంది.

చల్లటి నీళ్లు తగిలినప్పుడు జివ్వుమని క్షణాల్లో పోతే గుజ్జు ఇంకా బాగానే ఉందని అర్థం, వీలు చూసుకుని వెళ్లినా ఫరవాలేదు. తీసేశాక కూడా అర నిమిషం దాటి నొప్పి లాగుతుంటే, లేదా రాత్రి పడుకున్నప్పుడు దానంతట అదే మొదలైతే గుజ్జు వాచినట్టే, మర్నాడే డాక్టరు కుర్చీలో కూర్చోవాలి. వారాల తరబడి జివ్వుమన్న పిప్పి పన్ను ఒకరోజు హఠాత్తుగా ఊరుకుంటే చాలామంది హమ్మయ్య అనుకుంటారు. గొట్టాలు మూసుకుని ఉండవచ్చు, గుజ్జు చచ్చిపోయి ఉండవచ్చు. ఆ రెండిటిలో ఏదో ఇంట్లో అద్దం ముందు నిలబడితే తెలియదు. ఒక ఎక్స్‌రే, ఒక చల్లదనం పరీక్ష చేయించుకోండి.